కాంటెస్సాలో గరిక పోచ

చిత్తూరు, మిట్టూరు
ఆగస్టు

చి.ల.సౌ. లోకేశ్వరికి అన్న గుణశేఖర్ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేము క్షేమమే. నా బీపీ, మీ వదిన సుజన మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. నువ్వు ఫోను స్పీకరులో పెట్టుకుని కూరగాయలు తరుగుతూ మాట్లాడతావు. పక్కన మీ ఆయన మునిప్రసాద్ కూర్చుని వింటూ ఉంటాడు. ఈ సంగతి ఆయన వినకూడదు. కవరుకు రెండుసార్లు జిగురు రాసి, అంటించినచోట అడ్డంగా సంతకం పెట్టాను. సంతకం చెదిరి ఉంటే ఎవరో తెరిచారని అర్థం. జిల్లా కోర్టులో జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడికి ఈపాటి జాగ్రత్త ఉండాలి.

సంగతి నాయన కాంటెస్సా కారుది. ఆయన పోయినప్పటి నుంచి ఆ బండిని నేనెట్లా చూసుకుంటున్నానో నీకు తెలుసు. పవర్ స్టీరింగు ఉన్న కాంటెస్సా ఆ రోజుల్లో చిత్తూరులో నాయనకొక్కడికే ఉండేదని బెల్లం మండీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వేసవిలో ఆ స్టీరింగు నూనె కారడం మొదలైంది. బండి నిలిపిన చోటల్లా ఎర్రటి చుక్కలు. మీ ఆయన వచ్చి చూసి, "పంపులో సీళ్ళు పోయినాయి బావా, గొట్టం గూడా చీలింది. తిరుపతికి తీసకపోయి నేనే చేస్తా, షెడ్డోళ్ళ చేతికి ఇయ్యాకు" అన్నాడు. ఆర్టీసీ డిపోలో బస్సులు బాగు చేసిన చెయ్యి కదా అని నమ్మి ఇచ్చాను. బండి నెల పైన మీ ఇంటి ముందే ఉంది.

తెచ్చినప్పుడు బాగానే ఉంది, కాదనను. స్టీరింగు వేలితో తిప్పితే తిరిగింది. మంచిదని కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించాను. అయ్యవారు ఇంజినుకు కూడా బొట్లు పెట్టి, తీర్థం చల్లి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. అక్కడి నుంచి వచ్చిన కొన్నాళ్ళకే మలుపు తిప్పితే పందిని పట్టినట్టు అరవడం మొదలుపెట్టింది. స్టీరింగు బండరాయి అయింది. బానెట్టు ఎత్తి నూనె డబ్బా మూత తీశాను. ఎర్రగా ఉండవలసిన నూనె రోజ్‌మిల్కు రంగులో నురగలు కక్కుతోంది.

చూడు లోకేశ్వరీ, నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. కొన్ని సంగతులు నీ ముందు పెడుతున్నాను. ఇక్కడి నుంచి పోయినప్పుడు ఆ పంపు నల్లగా ఉండేది. తిరిగొచ్చినప్పుడు తెల్లగా మెరుస్తోంది. పాత బండ్లు కొనేవాళ్ళు చెన్నై నుంచి తిరుపతి దాకా వచ్చి అసలు సామాన్లు ఏరుకుపోతున్నారని విన్నాను. పోయిన ఉగాదికి మీ ఆయన మా వాకిట్లో నిలబడి, బానెట్టు మీద చెయ్యి వేసి, "ఈ బండి నాకిచ్చెయ్ బావా, నీకెందుకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

బండి మీ దగ్గర ఉన్నప్పుడు కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చారా? నాయన కాలం నాటి పంపే బండిలో ఉందా, లేక మార్చాడా? ఆయనను అడగకుండా కనిపెట్టి రాయి. ఈ ఉత్తరం చించెయ్యి.

గుణశేఖర్


తిరుపతి, కొర్లగుంట
ఆగస్టు

అన్నకు లోకేశ్వరి నమస్కారాలు.

నీ సంతకం చెదరలేదు. పోస్ట్‌మ్యాన్ మాత్రం కవరును అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా, కోర్టు సమనా?" అని అడిగాడు. మా ఆయన చూసి, "మీ అన్న ఫోనుకు రీచార్జి అయిపోయిందా ఏం?" అన్నాడు. వదిన మోకాళ్ళకు తైలం పంపమని రాశాడని చెప్పాను. నీ పుణ్యమా అని ఈ వయసులో అబద్ధాలు నేర్చుకుంటున్నాను.

కొత్తవాళ్ళు వచ్చారా అన్నావు. రోజూ వచ్చారన్నా. వాకిట్లో అంత పాత బండి పెట్టి, పంపు విప్పి గోనెపట్టా మీద పరిస్తే ఎవరు రారు? వాళ్ళకు టీలు పెట్టలేక నా నడుము పడిపోయింది. ఈయన నోరు నీకు తెలియనిది కాదు. ఆ పంపు ఎట్లా పనిచేస్తుందో పాలు పోసే ఆయనకు చెప్పాడు, పూలమ్మే ఆమెకు చెప్పాడు, వద్దన్నా నాకూ చెప్పాడు. "ఇంజిను బెల్టు పంపును తిప్పుతాది. పంపు నూనెను తోస్తాది. ఆ నూనె మీ అన్న చేతికి బలమిస్తాది. నూనె సుద్దంగా ఉన్నెంతసేపూ బండి బరువు మనిషికి తెలీదే." నిద్రలో కూడా సీళ్ళ సైజులే పలవరించాడు. ఇంత వాగే మనిషి దొంగతనం చేస్తే వీధిలోకి వెళ్ళి ముందు తనే చెప్పుకుంటాడు.

పంపు ఎందుకు తెల్లబడిందో చెబుతాను విను. కిరసనాయిలులో నానబెట్టి, నా టూత్‌బ్రష్షు తీసుకుని తోమాడు. అది పాత బ్రష్షు కూడా కాదు. పని అంతా మచ్చ లేకుండా చేశాడని కూడా నేను చెప్పను. మొదటిసారి గొట్టం సరిగ్గా బిగించకుండా ఇంజిను వేస్తే నూనె గోడ దాకా చిమ్మింది. పక్కింటి ఢిల్లీబాబు వాళ్ళమ్మ ఆ ఎరుపు చూసి ఎవరికో తల పగిలిందని పరిగెత్తుకొచ్చింది. ఈయన మాత్రం, "ఇట్లా ఒకసారి పోతేనే లోపలుండే గాలి పోతాది" అని దబాయించాడు.

ఉగాది నాటి మాట పరాచకం. బావా అని పిలిచేవాడు ఆ మాత్రం అనకపోతే ఇంకెవరంటారు? నాయన బతికుండగా ఆయనతో కూడా ఇదే మాట అన్నాడు. నాయన నవ్వి తాళంచెవి చేతికిచ్చి, పలమనేరు దాకా తోలుకు రమ్మన్నాడు. నీకు గుర్తులేదు కాబోలు.

బండి మళ్ళీ మొండికేసిందని మాత్రం ఈయనకు చెప్పాను. తక్కినదేదీ చెప్పలేదు. ముఖం వాడిపోయింది. వీలు చూసుకుని ఒక శనివారం వచ్చి చూస్తాడట. కాఫీలో పంచదార తగ్గించమని వదినతో చెప్పు, అడిగినా వెయ్యవద్దని చెప్పు.

లోకేశ్వరి


చిత్తూరు
సెప్టెంబరు

లోకేశ్వరికి,

మీ ఆయన వచ్చి పోయాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే తీర్పు చెప్పు.

వచ్చేటప్పుడు ఎప్పటిలాగే వాకిలి నుంచే మాటలు మొదలుపెట్టాడు. బస్సులో ఎవడో సీటు ఇవ్వలేదని, చంద్రగిరి దగ్గర వాన పట్టుకుందని. బానెట్టు ఎత్తాడు. నూనె డబ్బా మూత తీశాడు. రంగు చూసి, "ఇది నీళ్ళు కలిసిన నూనె బావా" అన్నాడు. డబ్బా లోపల చిన్న జల్లెడ ఒకటి ఉంటుంది, దాన్ని పైకి తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. అంతే, మాట ఆగిపోయింది. గోరుతో దాంట్లోంచి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు. ఏమిటది అంటే, "ఏం లేదు, నలుసు" అన్నాడు. నీళ్ళు ఎట్లా వచ్చాయి అంటే, "వాన" అన్నాడు. కప్పు కింద, మూత బిగించి ఉన్న డబ్బాలోకి వాన ఎట్లా వస్తుంది? నా ముఖంలోకి చూడలేదు.

తర్వాత చేతులు కడుక్కోవాలని పెరట్లోకి పోయాడు. ఎంతకూ రాకపోతే వెనకాలే పోయాను. అక్కడ మీ వదినతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. సుజన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమిటని అడిగితే ఉల్లిపాయలు తరిగానంది. శనివారం మా ఇంట్లో ఉల్లిపాయ తెగదని నీకు తెలుసు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె పట్టిన నియమం అది.

ఆ పైన మీ ఆయన బెల్టు తీసేసి, పంపు విప్పి సంచిలో వేసుకుని, "మల్లా సీళ్ళు మార్చాల, గొట్టాలు కడగాల, రవంత టైము పడతాది. అందాకా స్టీరింగు బరువుగానే ఉంటాది, పదిలంగా తోలు" అని బస్సెక్కాడు. భోజనం చేయమంటే ఆకలి లేదన్నాడు. మునిప్రసాద్‌కు ఆకలి లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు తోచింది చెబుతాను. మొదటిసారే అసలు పంపు మార్చి పాతదేదో తగిలించాడు. అది బయటపడకుండా ఉండటానికి ఇప్పుడు పట్టుకుపోయాడు. నా దగ్గర నుంచి ఏదో ఒకటి రాబట్టమని సుజనను కాళ్ళావేళ్ళా పడి ఒప్పిస్తున్నాడు, ఆ బండి అమ్మేయమని చెప్పించడానికే కావచ్చు. ఆమె నాతో ఏమీ చెప్పడం లేదు. నిన్న నేను బండి ఊసెత్తితే చేతిలో గ్లాసు జారవిడిచింది.

నువ్వు ఒకసారి ఆయన టూల్ పెట్టె చూడు. ఇంకో పంపు ఉందేమో చూడు. జేబులో వేసుకున్నదేమిటో చూడు. నా కోసం ఇంతవరకు నిన్నేమీ అడగలేదు.

గుణశేఖర్


తిరుపతి
అక్టోబరు

అన్నకు,

జవాబు ఆలస్యమైంది. రాయాలా వద్దా అని ఊగిసలాడుతూ ఉండిపోయాను.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తర్వాత కోపం పోయి, నువ్వు రాసినవన్నీ నాకూ కనిపించసాగాయి. చిత్తూరు నుంచి వచ్చినప్పటి నుంచి ఈయన మాట్లాడడం లేదన్నా. పంపు ముందు వేసుకుని కూర్చుంటాడు. పాలు పోసే ఆయన పలకరిస్తే ఊ అంటాడు. నేను "ఏమైంది ఆ బండికి" అంటే, "పెద్దోళ్ళ బండి, పెద్దోళ్ళ గొడవ, నువ్వు గమ్మునుండు" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నన్ను గమ్మునుండమనడం ఇదే. ఎప్పుడూ నేనే అంటాను.

ఒక మధ్యాహ్నం ఈయన డిపోలో పాత స్నేహితులను చూసి వస్తానని పోయినప్పుడు తలుపు గడియ పెట్టి టూల్ పెట్టె మొత్తం దించాను. స్పానర్లు ఒక్కొక్కటీ తీసి కింద పెట్టాను. మొగుడి పెట్టె వెతికే ఆడదానిగా నన్ను నేను చూసుకుంటే సిగ్గేసింది. అయినా ఆపలేదు. ఇంకో పంపు లేదు. బండికి సంబంధించిన వేరే సామానూ లేదు. ఉన్నది ఒక్కటే పంపు, గోనెపట్టా మీద ఉన్నదే. దాని అడుగున నాయన పేరులో మొదటి అక్షరం గీకి ఉంది, వ అని. బండి కొన్న కొత్తలో ఆయన ప్రతి దాని మీదా మేకుతో గీకేవాడు, నీకు తెలుసు కదా. అది అసలు పంపే. ఇక ఆ మాట ఎత్తవద్దు.

అయితే పెట్టె అడుగున చిన్న కాగితం పొట్లం దొరికింది. విప్పితే లోపల ఒక గరిక పోచ. అంతే, ఎండిపోయి, నూనె పట్టి ఉంది. స్పానర్ల మధ్య గరిక పోచను అంత భద్రంగా ఎందుకు దాచుకున్నాడో నాకు అంతు చిక్కలేదు. మళ్ళీ ఎట్లా ఉన్నది అట్లాగే మడిచి పెట్టేశాను.

నేను వెతికిన సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే నా ముఖం ఎట్లా చూపించను? ఈ ఉత్తరం నువ్వే చించెయ్యి.

లోకేశ్వరి


చిత్తూరు
అక్టోబరు, రిజిస్టరు పోస్టులో

శ్రీమతి లోకేశ్వరి గారికి,

మీ ఉత్తరం అందింది. పంపు విషయంలో నా ఆరోపణ ఉపసంహరించుకుంటున్నాను. కానీ మీరు తెలిపిన రెండో విషయంతో కేసు మలుపు తిరిగింది.

నూనె డబ్బాలోంచి తీసి జేబులో వేసుకున్నది ఆ గరికే. బండి డబ్బాలో గరిక తనంతట తాను మొలవదు. ఎవరో వేశారు. నీళ్ళు కూడా ఎవరో పోశారు. నూనెలో నీళ్ళు, నీళ్ళలో గరిక, ఇది తెలిసి చేసిన పని. బండి మీద ఆశ పెట్టుకున్నవాడు, అది నా చేతిలో ఉండకూడదని ఏదో చేయించాడు. తర్వాత ఆనవాలు తీసేసి దాచుకున్నాడు. దీన్ని మా వైపు ఏమంటారో రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

మా సీమలో ఇటువంటి వాటికి కోర్టు కాణిపాకమే. కార్తీకంలో రెండో ఆదివారం పొద్దున మీ భర్త అక్కడికి వచ్చి, స్నానం చేసి, తడి బట్టలతో స్వామి ముందర నిలబడి, ఆ బండికి తాను ఏ కీడూ చేయలేదని ప్రమాణం చేయాలి. చేస్తే నేను నమ్ముతాను. రాకపోతే నాయన తిథికి మీరిద్దరూ మా గడప తొక్కనవసరం లేదు.

బండి అక్కడ ఉంటుంది. వివాదంలో ఉన్న వస్తువు ఎదురుగా ఉండాలి కనుక ఎంత బరువైనా నేనే తోలుకొస్తాను.

గుణశేఖర్


తిరుపతి
నవంబరు

గుణశేఖర్ గారికి,

సంతకం పెట్టి మీ రిజిస్టరు కవరు తీసుకున్నాను. ఈసారి దాచలేదు. ఆయన చేతికే ఇచ్చాను. గరిక సంగతి ఉన్న చోట నా బొటనవేలు అడ్డం పెట్టి, ప్రమాణం సంగతి మాత్రం చదివించాను.

ఆయన నవ్వారు. ఇన్నాళ్ళకు నవ్వారు. "నేను చెయ్యలేదని చెప్పేదానికి నాకేం బయమే? పోయొస్తా" అన్నారు. అంతలోనే ఆగి, "ఒక్క మాట మాత్రం మీ అన్నకు రాయి. నేను చెయ్యలేదని చెప్తా. ఎవురు చేసినారో నీకు తెలుసా అని మాత్రం అడగొద్దను. ఆ సామి ముందర నిలబడి తెలీదని చెప్పలేను" అన్నారు. దాని అర్థమేమిటో నాకు తెలియదు. ఎంత అడిగినా చెప్పలేదు. నాకొక అనుమానం ఉంది. అనుమానాలు రాయడం వల్ల ఏమవుతుందో ఒకసారి చూశాను కనుక రాయను.

ఆయన వస్తారు. నేను రాను. కాణిపాకంలో ప్రమాణం దాకా పోయిన రెండు ఇళ్ళు మళ్ళీ ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. ఆయన ప్రమాణం చేస్తే మీకు నమ్మకం వస్తుందేమో, నాకు పుట్టిల్లు పోతుంది. నాయన తిథి నాడు ఇక్కడే కాకికి ముద్ద పెట్టుకుంటాను. వదినకు నా మాటగా ఒకటి చెప్పండి. ఆమె మీద నాకే కోపమూ లేదు.

లోకేశ్వరి


చిత్తూరు
నవంబరు

లోకా,

నిన్ను ఈ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో. కవరుకు జిగురు పెట్టలేదు, సంతకం పెట్టలేదు. ఎవరైనా చదువుకోనీ.

కాణిపాకం పోయి వచ్చాం. బండి తోలుకుపోయేసరికి నా భుజాలు పడిపోయాయి. పంపు లేని స్టీరింగును తిప్పడమంటే రోలును తిప్పినట్టే. సుజన వెనక సీట్లో కూర్చుంది. బావ మాకంటే ముందే బస్సులో వచ్చి, స్నానం చేసి, పంచెలోంచి నీళ్ళు కారుతుండగా వరుసలో నిలబడి ఉన్నాడు. ఆ పొద్దు జల్లు కూడా పడుతోంది. నన్ను చూసి, "బేగి కానీ బావా, వణుకు పుడతా ఉండాది" అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. నువ్వు రాసిన మాట పట్టుకుని, చేసినవాడి పేరు కూడా రాబట్టాలనే అనుకుంటున్నాను అప్పటికి.

మా ముందు ఇంకా కొందరు ఉన్నారు. ఈలోపు అయ్యవారు తీర్థం ఇచ్చాడు. సుజన ఇంటి నుంచి తెచ్చిన చిన్న సీసాలో కూడా పోయించుకుంది. పైన ఒక గరిక పోచ తేలుతోంది. జనం తోసుకుంటుంటే సీసా తొణికింది. నేను అలవాటు కొద్దీ, "కింద పడెయ్యాకు, కాళ్ళ కింద పడతాది" అన్నాను.

సుజన నా వైపు తిరిగి, మెల్లగా అడిగింది. "మరి ఈసారి యాడ పొయ్యమంటారు? మళ్ళా బండిలోనా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది లోకా. ఆ రోజు పూజ అయ్యాక నేను స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాను. బానెట్టు ఎత్తి ఉంది, నాకు ఆమె కనిపించడం లేదు. "మిగిలిన తీర్థం ఏం చెయ్యాల" అని అడిగింది. వెనక హారన్లు కొడుతున్నారు. నేను విసుక్కుని, "కింద పడెయ్యాకు. బండిలోనే పొయ్యి" అని అరిచాను. నా ఉద్దేశం సీసా బండిలో పెట్టమని కావచ్చు, చక్రాల మీద చల్లమని కావచ్చు, ఏమో. ఆమె నీళ్ళు పోసే డబ్బా అనుకుని కనిపించిన మూత తీసి పోసింది. తీర్థం కదా, ఒక్క చుక్క కూడా వదలకుండా పోసింది. చెప్పింది నేను. పోసింది ఆమె. ముద్దాయిగా తడి బట్టలతో నిలబెట్టింది మీ ఆయనను.

ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అక్కడే అడిగాను. ఆమెకు కూడా తెలియదట, బావ జల్లెడలో గరిక చూసే దాకా. ఆ శనివారం పెరట్లో ఆయన అడిగితే గుర్తొచ్చి ఏడ్చిందట. నాతో చెప్పేస్తానందట. బావ ఏమన్నాడో ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "నువ్వు నోరు తెరవాకు సుజనమ్మా. మీ ఆయన అనుమానం నా మీద పడితే నేను బస్సెక్కి మా ఇంటికి పోతా. నీ మీద పడితే నువ్వు యాడికి పోతావు?"

ఆయన నా గురించి అంత సరిగ్గా అనుకున్నాడు. నిజమే, ఆ రోజు తెలిసి ఉంటే, ఎవరు చెప్పి పోయించారు, ఎందుకు పోశావు అని నెలల తరబడి ఆమెను గుచ్చి గుచ్చి అడిగి ఉండేవాణ్ణి. ఇంత కాలం ఒక కప్పు కింద ఉండి ఆమె నాతో నిజం చెప్పడానికి భయపడింది. అది నాకు సిగ్గుగా ఉంది, ఇంకెట్లా చెప్పాలో తెలియదు.

వరుసలోంచి బావను పక్కకు లాగాను. నా కండువా ఇచ్చి తల తుడుచుకోమన్నాను. ప్రమాణం వద్దన్నాను. "వద్దంటే ఎట్లప్పా? ఊరికేనా మునిగింది?" అని కాసేపు గోల చేశాడు. గరిక ఎందుకు దాచావయ్యా అంటే, "సామి గరిక. యాడ పడేసేది? తొక్కుడు పడకుండా పెట్టెలో పెట్టినా" అన్నాడు. నేను చేతబడి అనుకున్నదాన్ని ఆయన నాలాగే కాళ్ళ కింద పడకూడదని దాచాడు.

వచ్చేటప్పుడు ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. కాణిపాకం దాటక ముందే మళ్ళీ మాటలే మాటలు. ఐరాల రోడ్డు కలిసే మలుపు దగ్గర స్టీరింగు నా వల్ల కాలేదు. ఆయన మాటలు ఆపకుండానే పక్కనుంచి ఒక చెయ్యి వేసి లాగాడు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ అట్లాగే, ఇద్దరం కలిసి తిప్పుకుంటూ ఇల్లు చేరాం. సుజన ఉల్లిపాయ సాంబారు చేసింది. ఆదివారమే కదా. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఒకటి మిగిలింది. బస్టాండులో దించేటప్పుడు నాతో అన్నాడు, "నన్ను నువ్వు అనుమానించినావు, సరేలే, నీ గుణమది. మీ చెల్లెలు గూడా నా టూలు పెట్టె ఎతికింది. స్పానర్లు ఎనకా ముందుగా పెట్టింది. నాకు తెలిసినట్టు దానికి చెప్పాకు, బాధపడతాది" అని. చెప్పనని మాటిచ్చాను. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. ఇంట్లో ఒకరికొకరు తెలియకుండా దాచి పెట్టినవి నేను చూసింది చాలు.

నాయన తిథికి ఇద్దరూ ఒక రోజు ముందే రండి. పంపు బాగయితే తెమ్మను, కాకపోతే ఉత్త చేతులతో రమ్మను.

గుణశేఖర్


తిరుపతి
నవంబరు

అన్నా,

ఉత్తరం అందింది. ఈయన ఇంట్లో లేనప్పుడు చదివాను. చదివి చాలాసేపు ఆ టూల్ పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి పెట్టె తెరిచి కూడా నన్ను ఏమీ అడగలేదు. నేను పెట్టిన కాఫీ తాగి, బాగుందన్నాడు. నేను నిన్ను తిట్టి రాసిన ఉత్తరాలు తలుచుకుంటే నాకే నవ్వూ ఏడుపూ వచ్చాయి. నీకంటే నేను ఎక్కువేం కాదు.

నాకు తెలిసిందని ఆయనకు చెప్పలేదు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే నువ్వు మాట తప్పావని ఆయనకు తెలుస్తుంది. అందుకని ఊరుకున్నాను.

పంపు బాగయింది. కొత్త సీళ్ళు వేసి, ఈసారి డబ్బా మూత మీద తెల్ల పెయింటుతో "ఇది నీళ్ళకు కాదు" అని రాశాడు. వదినకు కోపం వస్తుందేమో అంటే, "రాదు, మీ అన్న కోసం రాసినా" అన్నాడు. వీధిలో అందరికీ చూపించాడు. పాలు పోసే ఆయనకు చదివి వినిపించాడు. ముందు రోజు సాయంత్రానికే చిత్తూరు వస్తాం. నీకు ఇష్టమని మామిడి తాండ్ర పట్టుకొస్తున్నాను.

ఈ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, ఆయన విస్తట్లో నెయ్యి పోశాను. చాలన్నా ఇంకొంచెం పోశాను. చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు చిన్నవి చేసి నన్నే చూశాడు. అచ్చం నువ్వు చూసినట్టే ఉంది ఆ చూపు.

"ఏందే, ఏం చేసినావు? ఏందో చేసినావు నువ్వు" అన్నాడు.

ఏమీ లేదు, తినమన్నాను.

లోకా